షిరాజ్‌లో తివాచీల బేరం

టెహ్రాన్, ఇస్ఫహాన్ ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండా సాగింది కనుక వాటి గురించి రాయవలసినది పెద్దగా లేదు. ఇది రాయించినది షిరాజ్‌లో, ఇరాన్ పాలకుడు కరీం ఖాన్ జంద్ 18వ శతాబ్దంలో కట్టించిన వకీల్ బజారుకు దగ్గరలోని ఒక తివాచీల దుకాణం. షిరాజ్ ఉన్న ఫార్స్ ప్రాంతపు తివాచీ నేతను యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చిన సంగతిని యజమాని అట్టమీద రాసి గోడకు తగిలించాడు. గౌరవం దక్కినది నేతకు, వాడుకుంటున్నది అంగడి.

మాకు టీ ఇచ్చి, ఒక ఖష్కాయీ తివాచీ పరిచి, ఆ పేరుగల సంచార తెగ స్త్రీలు నూరేళ్ల క్రితం నేసినదని చెప్పి 900 యూరోలు అడిగాడు. దానిని హైదరాబాదు ఇంట్లో ఏ గోడకు వేలాడదీయాలో మా ఆవిడ అప్పుడే నిర్ణయించేసింది. అంచు తిప్పి చూస్తే పడుగు, అంటే నిలువు పోగులు, తెల్లని నూలు. పాత ఖష్కాయీ నేతలో పడుగు సాధారణంగా ఊలే. గొర్రెల మందలతో తిరిగేవారికి నూలు కొనే అవసరమేముంది? పోగులు విడదీస్తే కొసలు మాత్రమే వెలిసి, లోపలి ఎరుపు పెళ్లిచీరలా మెరుస్తున్నది. ఏళ్ల తరబడి వెలిసిన రంగైతే కొస నుంచి మొదలుకు క్రమంగా ముదురుతుంది. తడి రుమాలుతో రుద్దగానే గోధుమరంగు అంటుకున్నది. పాతదనం కోసం టీ డికాక్షన్ పట్టించారన్నమాట. ధర 350కి దిగింది కానీ, వయసు మాత్రం నూరేళ్ల నుంచి దిగలేదు. ఆ పూటంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

పాత ఇంటిని మార్చిన మా బసలో అల్పాహారంతో గది 28 యూరోలు. వేడినీళ్లు సన్నగా వచ్చేవి. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. అక్కడి కూర్చునే గదిలో పరిచిన పాత తివాచీలో మంజిష్ఠ వేరుతో అద్దిన ఎరుపు సగంలో ఛాయ మారింది. ఊలును విడతలుగా అద్దితే అలాగే వస్తుంది, దాన్ని అబ్రష్ అంటారు. ఖుర్జీన్ అనే జీను సంచులను దిళ్లుగా వేశారు. పశువులు తల దూర్చకుండా మెడ సన్నగా నేసిన ఉప్పు సంచి గోడకున్నది. ఇంటి యజమానురాలు చెప్పిన రఫూ పనివాని వద్ద అలాంటి ఉప్పు సంచే, రఫూ కుట్టు కనిపించేది, 70 యూరోలకు దొరికింది. మా ఆవిడ ముఖం విప్పారింది. దానిని ఎండ పడని గోడకే తగిలించాము.

విదేశీ బ్యాంకు కార్డులు ఇరాన్‌లో పనిచేయవు, నగదే తీసుకెళ్లాలి. చెప్పిన ధర తోమాన్లలోనా, రియాళ్లలోనా అని తప్పక అడగాలి, ఒక తోమాను అంటే పది రియాళ్లు కనుక తేడా పదిరెట్లు.