నేషనల్ హరికేన్ సెంటర్ బులెటిన్లు: పటం కన్నా వివరణే మేలు

అట్లాంటిక్‌లోను, తూర్పు పసిఫిక్‌లోను పుట్టే తుపానులపై అమెరికాలోని మయామి నుంచి నేషనల్ హరికేన్ సెంటర్ ఉచితంగా బులెటిన్లు వెలువరిస్తుంది. తుపాను కొనసాగినంత కాలం ఆరు గంటలకొకటి, తీరానికి హెచ్చరికలు అమలులో ఉన్నప్పుడు మధ్యలో మరొకటి వస్తాయి. తుపాను కేంద్రం ఎక్కడ ఉంది, ఎటు కదులుతోంది, గాలి వేగం ఎంత అన్నవి మొదటి పంక్తుల్లోనే దొరుకుతాయి.

ఈ సేవలో అందరికీ తెలిసినది, తుపాను కేంద్రం రాబోయే రోజుల్లో సాగగల దారిని చూపే శంకువు ఆకారపు పటం. నా దృష్టిలో ఎక్కువగా అపార్థానికి గురయ్యేదీ అదే. గత ఐదేళ్ల అధికారిక అంచనాలలోని దోషాలలో మూడింట రెండు వంతులు ఇమిడేంత వ్యాసార్థంతో అంచనా వేసిన ఒక్కొక్క సమయానికి ఒక వృత్తం గీసి, ఆ వృత్తాలన్నిటినీ కలుపుతూ ఈ శంకువును తయారుచేస్తారు. కాబట్టి ఆ సీజన్‌లో వచ్చే తుపానులన్నిటికీ ఒకే కొలత వర్తిస్తుంది. ఫలానా తుపాను దారి అంతుబట్టడం లేదని నిపుణులకు తెలిసినా వృత్తాలు పెద్దవి కావు. తుపాను కేంద్రం శంకువు అంచు దాటి వెళ్లే అవకాశం మూడింట ఒక వంతు ఉంటుంది. పైగా అది కేంద్రం దారిని మాత్రమే చూపుతుంది కనుక ఉప్పెన, కుండపోత వాన, పెనుగాలులు దాని వెలుపల ఉన్నవారినీ తాకవచ్చు. 2004లో ఛార్లీ, 2022లో ఇయాన్ వచ్చినప్పుడు ఫ్లోరిడాలో చాలామంది చూపు టాంపా మీదే ఉండగా, రెండూ అక్కడికి దక్షిణాన కాయో కోస్టా వద్ద తీరం దాటాయి. ఆ ప్రాంతానికి హెచ్చరిక లేకపోలేదు. జనం కళ్లు మాత్రం పటం నడిమి గీతకే అతుక్కుపోయాయి. 2024లో ప్రయోగాత్మకంగా తెచ్చిన పటంలో అమెరికా లోతట్టు ప్రాంతాల గాలి హెచ్చరికలను కూడా రంగులతో చూపడం మంచి మార్పు.

అసలు మెచ్చుకోవలసినది రంగూ బొమ్మా లేని ‘డిస్కషన్’ అనే వివరణ. ఏయే కంప్యూటర్ నమూనాలు ఏకీభవిస్తున్నాయి, ఏది విడిపోతోంది, తుపానులోకి వెళ్లిన విమానాలు ఏం కొలిచాయి, అంచనాపై ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు అన్నవి విధుల్లో ఉన్న నిపుణుడే రాసి కింద తన పేరు పెడతాడు. సందేహం ఉన్నచోట సందేహమని రాసే ప్రభుత్వ పత్రాలు అరుదు. పరిభాష కొంత కష్టపెడుతుంది గాని, నాలుగైదు సంచికలు వరుసగా చదివితే అలవాటవుతుంది.

గమనం విషయంలో ఈ అంచనాలు బాగా మెరుగుపడ్డాయి. తీవ్రత విషయంలో అంత భరోసా లేదు. తుపానును నడిపించే విశాలమైన గాలులను నమూనాలు బాగానే పట్టుకుంటాయి, కానీ తుపాను కన్నును చుట్టుముట్టిన మేఘాల వలయం, అంటే కంటి గోడ చుట్టూ చిన్న పరిధిలో జరిగే మార్పులు ఇంకా జారిపోతుంటాయి. 2023 అక్టోబరులో ఓటిస్ సుమారు ఒక్క రోజులోనే ఉష్ణమండల తుపాను స్థాయి నుంచి అన్నిటికన్నా తీవ్రమైన ఐదో శ్రేణి హరికేన్‌గా ఎదిగి, మెక్సికోలోని అకాపుల్కో సమీపంలో తీరం దాటింది. అంతటి తీవ్రతను అంచనాలు ముందుగా పసిగట్టలేకపోయాయి. శ్రేణి సంఖ్య గాలి వేగాన్ని మాత్రమే చెబుతుందని కూడా పాఠకుడు గుర్తుంచుకోవాలి. ఉప్పెనకు 2017 నుంచి విడిగా హెచ్చరికలు ఉన్నాయి, తీరవాసులు ముందుగా చూడవలసినవి అవే.

పేర్ల జాబితాలు ఖరారు చేసే బాధ్యత ఈ కేంద్రానిది కాదు. ప్రపంచ వాతావరణ సంస్థ కమిటీ ఖరారు చేసిన ఆరు జాబితాలు ఏడాదికొకటి చొప్పున తిరిగి వస్తుంటాయి, పెను నష్టం కలిగించిన తుపాను పేరును తొలగిస్తారు. అట్లాంటిక్ జాబితాలోని 21 పేర్లు 2020లో చాలకపోవడంతో గ్రీకు అక్షరాలు వాడారు. జీటా, ఈటా, థీటా వినడానికి ఒకేలా ఉండి తికమకపెట్టడం వంటి కారణాలతో 2021లో ఆ పద్ధతి మానుకుని అదనపు జాబితా సిద్ధం చేశారు. గాలి గంటకు 63 కిలోమీటర్లకు చేరితేనే పేరు పెడతారు. అయితే 2017 నుంచి, తుపాను ఇంకా రూపుదాల్చకపోయినా భూభాగానికి ముప్పు ఉంటే ఒక సంఖ్యతో బులెటిన్లు, హెచ్చరికలు మొదలుపెడుతున్నారు. పేరు వినబడే దాకా ఆగే అలవాటున్న పాఠకులు ఆ సంఖ్య ఉన్న బులెటిన్లను వదలకూడదు. ఖాళీ చేయమనే ఆదేశాలు మాత్రం ఇందులో ఉండవు. అవి స్థానిక అధికారుల నుంచే వస్తాయి.