హబ్బు బేరింగు "గట్టిగా బిగించాం" అంటే నమ్మి బండి తీసుకెళ్లకండి: లారీ యజమానులకు హెచ్చరిక

పోయిన నెల విజయవాడ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో మా పది టైర్ల లారీకి వెనక ఎడమ హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) విప్పించి, కొత్త బేరింగులు, ఆయిల్ సీలు వేయించి, పని పూర్తయిందన్న మాట మీద బిల్లు కట్టి బండి తెచ్చుకున్నాం. మర్నాడు గుంటూరు మిర్చి యార్డులో లోడెత్తి చెన్నైకి బయలుదేరిన బండి మార్టూరు దగ్గరే నిలిచిపోయింది. టీకి ఆపినప్పుడు క్లీనరు అలవాటుగా టైర్లు కొట్టి చూస్తూ మాడు వాసన పసిగట్టాడు. హబ్బు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరయ్యాయి, గ్రీజు కరిగి నల్లటి నూనెలా రిమ్ము మీదికి కారుతోంది.

విప్పించి చూస్తే బయటి బేరింగు రోలర్లు మాడి నీలిరంగుకు తిరిగాయి. బేరింగు లోపలి వలయం స్పిండిలు (బేరింగులు కూర్చునే ఇరుసు కొన) మీద తిరిగి తిరిగి గాడి కోసింది. బేరింగుల ధర ఒక లెక్క కాదు. స్పిండిలు మరమ్మతుకూ, మిర్చి టిక్కీలను (బస్తాలను) మరో బండికి మార్చడానికీ అయిన ఖర్చే నడ్డి విరిచింది. షెడ్డు యజమాని నెపమంతా బేరింగు కంపెనీ మీదికి నెట్టాడు. అయితే పని జరిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మేస్త్రీ గాలి గన్నుతో, బేరింగులను పట్టి ఉంచే స్పిండిలు నట్టును ఇక తిరగనంత వరకు బిగించి, హబ్బును ఒక్కసారైనా తిప్పి చూడకుండా లాక్ వాషరు చెవి వంచేశాడు. హబ్బు కదలికను కొలిచే డయల్ గేజి లేదా అని అడిగితే, ముప్పై ఏళ్ల చెయ్యి ఉండగా గేజి దేనికని నవ్వాడు. చక్రం ఏమాత్రం ఆడకపోవడమే మంచి పని అని అప్పుడు నేనూ అనుకున్నాను, అది నా తప్పు.

ఈ హబ్బుల్లో రోలర్లు ఏటవాలుగా ఉండే బేరింగులు రెండు ఎదురెదురుగా కూర్చుంటాయి కాబట్టి, నట్టు బిగించిన కొద్దీ రోలర్లు కప్పుల్లోకి (బేరింగు బయటి వలయాల్లోకి) ఒరుసుకుంటూ పోయి, చివరికి గ్రీజు పొర నిలవడానికి చోటే లేక వేడెక్కి మాడిపోతాయి. వదులైతే అది మరో రకం నష్టం: చక్రం ఊగుతుంది, సీలు దెబ్బతిని గ్రీజు బ్రేకు లైనర్ల మీద పడుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది.

అమెరికా ట్రక్కింగ్ సంఘాల సాంకేతిక మండలి సిఫారసు చేసిన పద్ధతిలో, హబ్బును తిప్పుతూనే నట్టును సుమారు 271 న్యూటన్ మీటర్ల టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, ఒక పూర్తి చుట్టు వదులు చేసి, మళ్లీ తిప్పుతూ సుమారు 68కి బిగించి, ఆ తరువాత ఇరుసు రకాన్నీ నట్టు మరనూ బట్టి చుట్టులో కొంత భాగం వెనక్కి తిప్పి లాక్ చేస్తారు. చివరగా డయల్ గేజి పెట్టి, హబ్బును అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టి బయటికి లాగి చూస్తే కదలిక 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంత సన్నటి తేడా చేతికి తెలుస్తుందని ఎవరన్నా నేను ఒప్పుకోను. మీ బండి కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకెలుంటే వాటినే పాటించండి. కంపెనీలోనే సర్ది, మూసి పంపే యూనిట్ హబ్బులకు ఈ పద్ధతి వర్తించదు.

కాబట్టి హబ్బు పనికి బేరం కుదుర్చుకునే ముందే టార్క్ రెంచి, డయల్ గేజి బయటపెట్టి చూపించమనండి. చూపించలేకపోతే కూలి ఎంత తగ్గించినా బండి అక్కడ వదలకండి. గేజి రీడింగును బిల్లు మీద రాయించుకోండి, విప్పిన పాత బేరింగులను కప్పులతో సహా అడిగి తీసుకోండి. పాత కప్పును హబ్బులోనే ఉంచి కొత్త రోలర్లు మాత్రం వేసే చోట్లూ ఉన్నాయి, కనుక కప్పు కూడా కొత్తదేనా అని కళ్లారా చూసుకోండి.

రెండోసారి పని గుంటూరులో మరో చోట చేయించాం. అక్కడి కుర్రవాడు రెండుసార్లు కొలిచి 0.08 మిల్లీమీటర్లు అని బిల్లు వెనక రాసి ఇచ్చాడు. చిలకలూరిపేటలో ఆపి నాలుగు వెనక హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూస్తే, అన్నీ ఒకే తీరున గోరువెచ్చగా ఉన్నాయి.