చేతిపంపు నీటిలో ఆర్సెనిక్‌ను చూపే పరీక్ష పెట్టె: ఆరు నెలల వాడకం తర్వాత

ఉద్యోగరీత్యా పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో కాపురముంటున్న మేము, ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నదని తెలిసిన వారంలోనే, నీటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఎంత ఉన్నదో ఇంటి దగ్గరే చూసుకునే పరీక్ష పెట్టెను కొన్నాము. కాచి చల్లార్చిన నీరు తాగమని రాజమండ్రి నుంచి అమ్మ ఫోనులో చెప్పింది. క్రిముల విషయంలో అది సరైన మాటే గానీ, ఆర్సెనిక్ కాచితే పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ మరింత చిక్కబడుతుంది.

వాడకం సులభమే. సీసాలో గీత వరకు నీరు పోసి, ఆమ్లపు పొడి, ఆ తర్వాత జింకు పొడి వేసి, మెర్క్యూరిక్ బ్రోమైడ్ పూసిన కాగితం అమర్చిన మూతను వెంటనే బిగించాలి. నీటిలోని ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా మారి పైకి వచ్చి కాగితాన్ని తాకితే, మోతాదును బట్టి అది లేత పసుపు నుంచి గోధుమరంగు దాకా మారుతుంది. ఆర్సీన్ విషవాయువు, కాగితంలో ఉన్నది పాదరసం; కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. ఇంత ముఖ్యమైన హెచ్చరికను కరపత్రం చివర సన్నటి అక్షరాలలో వేయడం నాకు నచ్చలేదు.

పక్క వీధిలోని పంపు నీటికి కాగితం ముదురు గోధుమరంగుకు తిరగగా, ఆ ఇంటివారు అదే రోజు దాని నీరు తాగడం మానేశారు. అంతవరకు ఈ పెట్టెకు పూర్తి మార్కులు ఇస్తాను. చిక్కంతా లేత రంగుల దగ్గరే ఉన్నది. మన దేశంలో తాగునీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. రంగుల పట్టీలో 10, 25, 50 గళ్లు మూడూ పసుపులే. మా పంపు నీటిని నేను 10గా, మా వారు 25గా చదివాము; ప్రయోగశాల 38 అని తేల్చింది.

ఈ తేడాను నేను చిన్నదిగా చూడలేను. చర్మం మీద మచ్చలు ఏళ్ల తరబడి తాగితే గానీ కనిపించవు, రోగనిరోధక కణాలకు జరిగే హాని మాత్రం పైకి కనిపించదు. ఆర్సెనిక్ ప్రొటీన్లలోని గంధకపు భాగాలకు అతుక్కొని వాటి పనిని చెడగొడుతుంది. ప్రయోగశాల పరీక్షలలో అది రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టి-కణాల విభజనను, అవి విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రొటీన్‌ను తగ్గించింది, రక్తంలోని మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లుగా ఎదగడాన్ని అడ్డుకున్నది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో గర్భిణులను, వారి బిడ్డలను గమనించిన పరిశోధకులు, తల్లి శరీరంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నచోట శిశువుల థైమస్ గ్రంథి చిన్నదిగా ఉండటాన్నీ, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా రావటాన్నీ గుర్తించారు. టి-కణాలు పరిణతి చెందేది ఆ గ్రంథిలోనే.

అందువల్ల ప్రమాదకరమైన పంపును పసిగట్టడానికి ఈ పెట్టెను కొనుక్కోమనే చెబుతాను, తాగవచ్చునని తేల్చుకోవడానికి మాత్రం వద్దంటాను. తయారీదారులు 10కీ 50కీ మధ్య రంగులను స్పష్టంగా విడదీస్తే మరో పెట్టె కొంటాను. అప్పటిదాకా కాగితం కాస్త పసుపెక్కినా సీసా నింపి ప్రయోగశాలకే పంపుతున్నాము.