మాగుంట లేఅవుట్‌లో యూరిథ్మీ క్లాసు: తెలుగు టీచర్లు తప్పక చూడాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి మేడ మీద ఆదివారాలు జరిగే క్లాసు ఇది. డాన్సు కాదు, యోగా కాదు. పలికే మాటనీ వినే సంగీతాన్నీ ఒంటి కదలికతో చూపించే కళ. ఆస్ట్రియాకి చెందిన తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1912 ప్రాంతంలో దీనికి రూపం ఇచ్చాడు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆయన పద్ధతిలో తెరిచిన వాల్డార్ఫ్ బడిలో పిల్లలకి పాఠమైంది, 1921 నుంచి చికిత్సగానూ నేర్పుతున్నారు. ఒక్కో ధ్వనికి ఒక్కో కదలిక: 'ఆ' అంటే చేతులు విచ్చుకుంటాయి, 'ఓ' అంటే గుండ్రంగా కలుస్తాయి.

నేను బుచ్చిలో హైస్కూలు తెలుగు టీచర్ని. నన్ను కట్టిపడేసింది పద్యానికి నడవడం. గురువుకి, అంటే బరువుగా పలికే అక్షరానికి, పెద్ద అడుగు; లఘువుకి, అంటే తేలికగా పలికేదానికి, చిన్నడుగు. ఉత్పలమాల ఎత్తుకోగానే ఒక పెద్దడుగు, వెంటనే రెండు చిన్నవి. చంపకమాలలో ఆ మొదటి పెద్దడుగు రెండుగా చీలిపోతుంది. నాలుగు చిన్నడుగులు గబగబా పడ్డాకగానీ పెద్దది రాదు. అక్కణ్ణించి చివరిదాకా రెండింటి నడకా ఒకటే! యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) పదో అక్షరం నుంచి పదకొండుకి ఎందుకు జరిగిందో కాళ్లకే తెలిసిపోతుంది. భరనభభరవ, నజభజజజర అని గణాలు బట్టీ పట్టించే బాధే లేదు. మా పదో తరగతి వాళ్లని వరండాలో ఉత్పలమాలకి నడిపించాను. గణవిభజన అంటే తల వంచుకునే పిల్లవాడు సరిగ్గా పదో అడుగు మీద ఆగి, "యతి ఇక్కడే కదా మేడం" అన్నాడు. ఆ పూట నా సంతోషం ఇంతా అంతా కాదు.

రాగి కడ్డీలతో చేయించేది కూడా బాగుంటుంది. వలయంగా నిలబడి లయ తప్పకుండా పక్కవాళ్లకి అందించాలి. ధ్యాస మళ్లిందా, కడ్డీ ఠంగుమని కింద పడుతుంది.

లోపాలూ ఉన్నాయి. నున్నటి టైల్స్ మీద సాక్సుతో జారుతుంది. ఎండాకాలం ఆ మేడ మీద ఉండలేం. భుజం నొప్పులు తగ్గుతాయని గోడకి రాసిపెట్టడం నాకు నచ్చలేదు, చికిత్సగా దీనికి గట్టి రుజువులు తక్కువ. భుజం పట్టేసినందుకు పొగతోట డాక్టరుగారు చెప్పిన వ్యాయామాలు నేను మానలేదు, మీరూ మానొద్దు. క్లాసు అయ్యాక ఒళ్లు తేలికపడటం మాత్రం నిజం.

ఫీజు నెలకు 1,200. పిల్లల బ్యాచ్ పొద్దున, పెద్దలది సాయంత్రం. టీచర్లయితే పిల్లల బ్యాచ్‌కే వెళ్లండి, ఓ మూల కూర్చుని చూస్తామంటే క్లాసు చెప్పే మేడం కాదనరు.