ఢిల్లీలో ఇందిరమ్మ ఇల్లు: వెళ్ళేముందు తెలుసుకోవలసినవి

సఫ్దర్‌జంగ్ రోడ్డు ఒకటో నంబరు. ప్రధానిగా ఇందిరాగాంధీ ఉన్న ఇల్లు, ఇప్పుడు స్మారక భవనం. టికెట్ లేదు. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 9.30కి తెరిచి సాయంత్రం 4.45కి మూస్తారు. మెట్రోలో వచ్చేవాళ్ళు పసుపు లైనులో లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషన్‌లో దిగాలి.

తలుపులు తీసే వేళకే చేరుకోండి. ఆ తర్వాత టూరిస్టు బస్సులు మొదలవుతాయి. ఇది మ్యూజియం కోసం కట్టింది కాదు, కాపురమున్న ఇల్లు. నడవాలు ఇరుకు, గదుల్ని అద్దాల ఇవతల నుంచే చూడాలి. వెనక జనం ఉంటే ఎక్కడా నిలబడనివ్వరు. తీరిగ్గా చూడటానికి గంటన్నర పెట్టుకోండి.

మొదట్లో వచ్చే ఫొటోలు, పత్రికల కత్తిరింపుల దగ్గరే ఓపికంతా ఖర్చు చేసుకోవద్దు. 1942లో పెళ్ళికి కట్టుకున్న ఖద్దరు చీర చూడండి. జైల్లో నెహ్రూ వడికిన నూలుతో నేసినది. మరో పెట్టెలో హత్య జరిగిన 1984 అక్టోబరు 31 నాటి చీర: కాషాయ రంగు, నల్ల అంచు, తూటాలు చేసిన చిల్లులు. దానితోపాటే చెప్పులు, చేతిసంచి. శ్రీపెరుంబుదూరు బాంబు దాడిలో చనిపోయిన కొడుకు రాజీవ్ ఒంటిమీద మిగిలిన బట్టలు కూడా ఈ ఇంట్లోనే ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే ఇవి చూడాల్సి వస్తుందని ముందే చెప్పి ఉంచండి.

తోటలోకి రాగానే చూడటం అయిపోయిందనుకుని గబగబా గేటు వైపు నడిచేస్తారు చాలామంది. అసలు చూడవలసింది అక్కడే ఉంది. హత్య జరిగిన ఉదయం టీవీ ఇంటర్వ్యూ కోసం బ్రిటిష్ నటుడు పీటర్ ఉస్తినోవ్ ఎదురుచూస్తుంటే, పక్కనే అక్బర్ రోడ్డు ఆఫీసుకి ఆవిడ నడిచి వెళ్తున్న దారి అది. దాని మీద చెకొస్లొవేకియా ఇచ్చిన స్ఫటికపు పలకలు పరిచారు. ఆవిడ పడిపోయిన చోట మాత్రం మామూలు అద్దమే, కింద నేల కనిపిస్తుంది. ఆ రోజుకి ఆవిడ మన మెదక్ ఎంపీ. 1980లో రాయ్‌బరేలీ కూడా గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. తెలుగువాళ్ళు అక్కడ ఒక్క నిమిషమైనా నిలబడాలి.

అయితే ఎమర్జెన్సీ 21 నెలల్ని, స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపిన బ్లూస్టార్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ ఇల్లు చాలదు. ఇది దుఃఖాన్ని దాచుకున్న ఇల్లు, లెక్క చెప్పే ఇల్లు కాదు. సిక్కు అంగరక్షకులు చేసిన ఆ హత్య తర్వాత ఒక్క ఢిల్లీలోనే, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 2,733 మంది సిక్కుల్ని చంపారు. వాళ్ళ స్మృతికి రకాబ్‌గంజ్ గురుద్వారాలో 2017లో ప్రారంభించిన ‘సచ్ కీ దీవార్’ (సత్యపు గోడ) ఉంది. అదే రోజు అక్కడికీ వెళ్ళండి. తల కప్పుకోవడానికి రుమాలో చున్నీయో దగ్గర ఉండాలి.

దహనం జరిగిన శక్తిస్థల్ యమున వైపు, రాజ్‌ఘాట్ దగ్గర. ఎత్తైన ముడిరాయి ఒక్కటే గుర్తు. వర్ధంతి అక్టోబరు 31, జయంతి నవంబరు 19 ఉదయాల్లో నాయకులు నివాళికి వస్తారు కాబట్టి, ఆ తేదీల్లో మధ్యాహ్నం దాటాక బయల్దేరండి.