కార్పెట్ మెషిన్‌లో ఏ షాంపూ పోస్తే మేలు?

అమెరికాలో చాలా అద్దె అపార్ట్‌మెంట్లలో గోడ నుంచి గోడ దాకా కార్పెట్టే. మన వంట రోజూ సాగే ఇంట్లో దాని మీద నూనె, పసుపు పడక తప్పదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుందేమోనని టెన్షన్ సరేసరి. అందుకే బిస్సెల్, హూవర్ లాంటి కంపెనీల కార్పెట్ కడిగే మెషిన్ కొనుక్కుంటారు, లేదంటే రగ్ డాక్టర్ మెషిన్ అద్దెకు తెచ్చుకుంటారు. మెషిన్ గురించి నాలుగు రోజులు ఆలోచించినవాళ్లు కూడా షాంపూ దగ్గరికొచ్చేసరికి ఏది చవకైతే అది తీసుకుంటారు. మరక పోతుందా లేదా అన్నది తేలేది మాత్రం అక్కడే.

ముందుగా గిన్నెల లిక్విడ్, బట్టల లిక్విడ్ పక్కన పెట్టేయండి. ఈ మెషిన్లు నీళ్లు చిమ్మి, బ్రష్‌తో రుద్ది, ఆ మురికినీళ్లను వెనక్కి పీల్చుకుంటాయి. నురగ ఎక్కువైతే అది మురికినీళ్ల ట్యాంకు నిండి మోటారు దాకా వెళ్తుంది. కార్పెట్‌లో మిగిలిపోయిన సబ్బు జిగురుగా ఉండి పాదాల దుమ్మునంతా పట్టేస్తుంది. కడిగిన చోటే మళ్లీ త్వరగా నల్లబడటానికి కారణం ఇదే. షాంపూకి బదులు వెనిగర్ పోయమనే చిట్కా నూనె జిడ్డు మీద పెద్దగా పనిచేయదు. దాన్ని బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఇక మెషిన్ల కోసమే చేసినవి మూడు రకాలు. మామూలు తక్కువ నురగ షాంపూ నడకదారిలో పేరుకున్న దుమ్ముకి, తేలికపాటి జిడ్డుకి చాలు. ఎంజైమ్ రకం పాలు, పెరుగు, వాంతి, పిల్లలూ కుక్కలూ పోసిన ఉచ్చ లాంటి వాటికి. అది వాసనను సెంటుతో కప్పదు, వాసనకు మూలమైన పదార్థాన్నే విరగ్గొడుతుంది. కాకపోతే లేబుల్ మీద చెప్పినంతసేపు తడిగా వదిలేయాలి, మరిగే నీళ్లు పోయకూడదు. వేడి ఎక్కువైతే ఎంజైమ్‌లు పనిచేయవు.

మూడోది ఆక్సీ రకం, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నది. మన ఇళ్లకు అసలు కావలసింది ఇదే. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఆవకాయ నూనె పడితే మరక పోగుల్లోకి దిగిపోతుంది. పైగా క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే మనకు ఇది తెలిసిందే. క్షారగుణం ఎక్కువున్న షాంపూ పడగానే మరక ఎర్రగా మారితే కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దకండి. అది కొత్త మరక కాదు, ఆ క్షారం పోతే మళ్లీ పచ్చబడుతుంది. పెరాక్సైడ్ ఆ రంగునే విరగ్గొట్టి క్రమంగా పాలిపోయేలా చేస్తుంది. ఎండ కూడా సాయం చేస్తుంది కాబట్టి కిటికీ పక్కన పడ్డ మరకైతే కర్టెన్ తీసి ఉంచండి. ఆక్సీలోనూ పొడి కన్నా ద్రవమే నాకు నచ్చుతుంది, పొడుల్లో క్షారం ఎక్కువ. ఏదైనా సరే ముందు క్లోజెట్ మూల ఒక చుక్క వేసి చూడాలి, ఎందుకంటే పెరాక్సైడ్ కార్పెట్ రంగునూ లాగేయగలదు.

ఒక్క బాటిలే కొనాలంటే, నైలాన్, పాలిస్టర్ కార్పెట్ ఉన్న తెలుగు ఇంటికి మెషిన్ కోసం చేసిన తక్కువ నురగ ఆక్సీ ద్రవమే నా ఓటు. కుక్క ఉన్నా, డైపర్ మాన్పిస్తున్న పసివాడు ఉన్నా ఎంజైమ్ కూడా ఉండాల్సిందే. బాటిల్ మీద అమెరికా కార్పెట్ పరిశ్రమ సంఘమైన కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ వారి సీల్ ఆఫ్ అప్రూవల్ ఉంటే ఇంకా మంచిది. మురికి ఎంత వదిలిస్తుందన్నదే కాక, కడిగాక ఎంత త్వరగా మళ్లీ మురికి పడుతుందో కూడా వాళ్లు పరీక్షిస్తారు. వారంటీలో ఉన్న మెషిన్‌కైతే ఆ కంపెనీ చెప్పిన షాంపూనే వాడటం క్షేమం.

ఏ షాంపూ అయినా లేబుల్ చెప్పిన కొలత దాటించకండి. కుళాయి వేడినీళ్లు చాలు, 60 డిగ్రీల సెల్సియస్ మించకూడదు. షాంపూ అయ్యాక ఉత్త నీళ్లతో ఒకసారి, తర్వాత నీళ్లు వదలకుండా పీల్పుడు మాత్రమే రెండుసార్లు నడపండి. ఫ్యాన్ పెట్టి ఒక్క రోజులో ఆరేలా చూడండి. రెండు రోజులు తడిగా ఉంటే బూజు మొదలవుతుంది.

ఊరి నుంచి తెచ్చుకున్న ఏలూరు ఉన్ని తివాచీ ఉంటే మాత్రం ఈ బాటిళ్లేవీ దాని దరికి రానీయకండి. ఉన్ని కూడా ప్రోటీనే కాబట్టి ఎంజైమ్ దాన్నే తినేయవచ్చు, క్షారం పోగును పాడుచేస్తుంది. ఉన్నికి పనికొస్తుందని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉన్న షాంపూనే, అదీ చేత్తో, చల్లటి నీళ్లతో వాడాలి.