పర్లాకిమిడి స్టూడియోలో మూడు కంప్యూటర్లు: ఏళ్ల వాడకం తర్వాత

కంప్యూటర్ కొనేముందు అందరూ ప్రాసెసర్ పేరే అడుగుతారు. మా వైపు అయితే కరెంటు పోతే ఆ మిషన్ ఏమవుతుంది, పాడైతే సామాను ఎక్కడ దొరుకుతుంది అన్న రెండు ప్రశ్నలు ముందు అడగాలి.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న గజపతి జిల్లా పర్లాకిమిడి. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్, శుభలేఖలు మా పని. మా గదిలో మూడు రకాల మిషన్లు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న వర్క్‌స్టేషన్, అంటే బరువు పనుల కోసం కంపెనీలు చేసే మిషన్, ఇంటెల్ జియాన్ ఇ5-1650 వి3 ప్రాసెసర్‌ది. రెండోది విశాఖపట్నంలో అసెంబుల్ చేయించిన ఇంటెల్ ఐ5-12400. మూడోది యాపిల్ వాళ్ల చిన్న డబ్బా, మ్యాక్ మినీ ఎం1.

జియాన్‌కీ ఐ5కీ ఆరేసి కోర్లు (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు), పన్నెండేసి థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). లెక్క చూస్తే రెండూ ఒకటే. కానీ మొదటిది 2014లో వచ్చింది, రెండోది 2022లో వచ్చింది. పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాల ఆల్బమ్ షీటుని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన తెరిస్తే అది 10,800 బై 3,600 పిక్సెళ్లు. దాని మీద పదిహేను ఫొటోలు, మాస్కులు, నీడలు పెట్టి బ్రష్ లాగితే, ఐ5లో గీత చేతితోపాటే వస్తుంది. జియాన్‌లో చేయి ముందు పోతుంది, గీత వెనకాల వస్తుంది. ఫొటోషాప్‌లో ఇలాంటి పనులు చాలావరకు ఒకటి రెండు కోర్ల మీదే ఆధారపడతాయి. అక్కడ ఎన్ని కోర్లు ఉన్నాయన్నది కాదు, ఒక్కో కోరు ఎంత చురుకైనదన్నదే ముఖ్యం.

వీడియోలో తేడా ఇంకా పెద్దది. ఇప్పటి కెమెరాలు చాలా టెన్ బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీలో తీయగలవు, అంటే రంగుల వివరం ఎక్కువ ఉంచి బాగా కుదించిన వీడియో ఫైలు. ఆ ఫైలుని విప్పే ఏర్పాటు ఐ5-12400లో ఉన్న గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ చూపే భాగం)లోనే ఉంది, ఎం1లోనూ ఉంది. జియాన్‌లో అసలు గ్రాఫిక్సే లేవు, విడిగా కార్డు వేయాలి. ఎన్విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కి ముందువి ఈ 4:2:2ని విప్పలేవు. అందుకే వేలు పోసి కార్డు వేసినా తలంబ్రాల సీను టైమ్‌లైన్‌లో ఆగి ఆగి నడుస్తుంది. చివరలో ఎఫ్ అక్షరం ఉన్న ఐ5-12400ఎఫ్ కొంచెం చవక, కానీ దాంట్లో ఈ గ్రాఫిక్స్ ఉండవు. వీడియో పని ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక కరెంటు. వేసవి సాయంత్రాల్లో మాకు ఓల్టేజీ పడిపోతుంది, గాలివాన వస్తే లైనే పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా జిల్లా ఎంత దెబ్బతిన్నదో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మామూలుగా అందరూ కొనే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. జియాన్‌కే 140 వాట్ల రేటింగ్, గ్రాఫిక్స్ కార్డుకి ఇంకో 120, దానిపైన మానిటర్లు, డిస్కులు. రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైలుగా తయారుచేయడం) మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ కొత్తదైతేనే నిలబడుతుంది, కొంచెం పాతదైతే ఠక్కున ఆగిపోతుంది. ఐ5కి మామూలు రేటింగ్ 65 వాట్లు, బాగా పని పడ్డప్పుడు 117. మ్యాక్ మినీ ఎం1 మొత్తం కలిపి గరిష్ఠంగా 39 వాట్లే. తిత్లీ తర్వాత వచ్చిన తుపాన్ల రోజుల్లో ఇన్వర్టర్ మీద గంటలకొద్దీ పని చేసి ఆల్బమ్ అప్పజెప్పగలిగాం అంటే ఆ చిన్న డబ్బా పుణ్యమే.

ఇన్వర్టర్ సంగతి ఇంకొకటి ఉంది. కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బాని ఎస్‌ఎంపీఎస్ అంటారు. మంచివాటిలో యాక్టివ్ పీఎఫ్‌సీ అని, లాగే కరెంటుని సరిదిద్దే సర్క్యూట్ ఉంటుంది. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కి వాటితో పడకపోవచ్చు, కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. లైను కరెంటులాగే నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌ది పెట్టాక మాకు ఆ టెన్షన్ తీరింది. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే, ఆ డబ్బు ఇక్కడ పెట్టండి.

వర్క్‌స్టేషన్‌కి న్యాయం చేయాలంటే, దాని గట్టిదనం నిజం. తప్పుని తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఉంది, ర్యామ్‌కి ఎనిమిది స్లాట్లున్నాయి, రాత్రంతా రెండర్ పెట్టినా హ్యాంగ్ అవలేదు. కానీ మాఘమాసం ముహూర్తాల మధ్యలో దాని ఎస్‌ఎంపీఎస్ పోయింది. అది ఆ కంపెనీ సొంత సైజు, సొంత పిన్నులు. బరంపురంలో దొరికే మామూలు ఏటీఎక్స్ (అన్ని అసెంబుల్డ్ మిషన్లకీ సరిపోయే సైజు) ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. ఆ సామాను బయట నుంచి వచ్చేదాకా మిషన్ ఖాళీగా కూర్చుంది. అదే ఐ5 మిషన్ అయితే, ఏ షాపులో ఉన్న ఎస్‌ఎంపీఎస్ అయినా తెచ్చి స్క్రూడ్రైవర్‌తో మనమే బిగించుకోవచ్చు. పైగా విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో ఆ జియాన్ లేదు.

మ్యాక్ మినీ చప్పుడు చేయదు, వేడెక్కదు. వీడియోకి నాకు అదే ఇష్టం. అయితే మా పాత శుభలేఖలన్నీ పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, తెలుగు వైపు అను ఫాంట్లు, ఒడియా వైపు ఆకృతి ఫాంట్లు. ఆ పనికి విండోస్ కావాల్సిందే, ఎం1లో బూట్‌క్యాంప్, అంటే మ్యాక్‌లో విండోస్ వేసుకునే ఏర్పాటు, లేదు. ర్యామ్ కూడా తర్వాత పెంచుకునే వీల్లేదు, కొన్ననాడు ఎంత తీసుకుంటే అంతే.

రాయగడలో స్టూడియో పెడుతున్న మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, వర్క్‌స్టేషన్ సగం ధరకే ఇస్తానంటున్నారు, తీసేసుకోనా?" అన్నాడు. "వద్దురా. ఐ5 మిషన్ కట్టించుకో. వీడియో ఆర్డర్లు పెరిగాక మ్యాక్ మినీ చూద్దువు గాని" అన్నాను. త్రీడీ, భారీ సిమ్యులేషన్లు చేసే ఇంజినీర్లకి వర్క్‌స్టేషన్ అవసరం ఉంటుంది. మాలాంటి పనికి అక్కర్లేదు.

విశాఖలోనో శ్రీకాకుళంలోనో కొనే సరిహద్దువాళ్లకి బిల్లు గురించి ఒక మాట. మీకు 21తో మొదలయ్యే ఒడిశా జీఎస్‌టీ నంబరు ఉంటే, ఐజీఎస్‌టీ (రాష్ట్రం దాటే అమ్మకం మీద పడే పన్ను) బిల్లు వేయించి సరుకు మీ షాపు అడ్రసుకే పంపమనండి. ఆంధ్ర ఎస్‌జీఎస్‌టీ (ఆ రాష్ట్రం వాటా పన్ను) పడితే దాని క్రెడిట్ మనకి రాదు. ఆన్‌సైట్ వారంటీ ఉందంటే మన పిన్‌కోడ్‌కి మనిషి వస్తాడో లేదో డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి.

2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే ఇప్పుడు రెండే స్లాట్లున్న హెచ్610 మదర్‌బోర్డు కాకుండా, నాలుగు స్లాట్ల బీ660 చూసుకుని ఎనిమిదేసి జీబీవి రెండు వేయించండి. ధర దిగాక మిగతా రెండూ నింపుకోవచ్చు.